పదికి పది వచ్చిన అబద్ధం

గంట టైమిచ్చారు. కాగితం ఇచ్చారు, కవరిచ్చారు, పెన్ను తెచ్చుకోనివాళ్లకు పెన్నూ ఇచ్చారు. మాటలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట. రెండొందల మందికి పైగా ఉన్నాం, తల్లులూ తండ్రులూ, పిల్లలు కూర్చునే బల్లల్లో మోకాళ్లు పట్టక కొందరం పక్కకు తిరిగి, కొందరం సగం లేచి, పరీక్షకు చదవకుండా వచ్చినవాళ్లలా ఒకరి కాగితంలోకి ఒకరం తొంగి చూస్తున్నాం. వేదిక పక్కన స్టూలు మీద ఒక చెక్కపెట్టె ఉంది, పైన సన్నటి చీలికతో. గోడ గడియారంలో పదకొండు దాటి రెండు నిమిషాలు. నీలం బ్యాడ్జీ మేడం మైకు పట్టుకుని ఇందాక చెప్పిందంతా నా చెవుల్లో ఇంకా తిరుగుతోంది: "ఈ వారమంతా మీ పిల్లలకి కాలేజీ చూపిస్తాం, ఆటలాడిస్తాం, ఊపిరి తీసుకోనివ్వం. ఏడో రోజు సాయంత్రం ఎవరి గదిలో వాళ్లు మిగులుతారు. ఇల్లు గుర్తొచ్చేది అప్పుడే. సరిగ్గా అప్పుడు మీ ఉత్తరం వాళ్ల చేతిలో పెడతాం. పన్నెండింటికల్లా రాసి ఈ పెట్టెలో వెయ్యండి, బయట పిల్లల్ని ఒక్కసారి చూసుకోండి, బయల్దేరండి. ఏడుపులు బస్సెక్కాక పెట్టుకోండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే చొక్కా లోపలి జేబు గుండెకు గుచ్చుకుంది. జేబంటే మామూలు జేబు కాదు, మూతి కుట్టేసిన జేబు. అందులో రెండు ఉత్తరాలున్నాయి. అంటే నేను రాయాల్సిన ఉత్తరం ఏడాది కిందటే రాసి ఉంది, రాసింది నేను కాదు, అంతే తేడా.

రాయడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. ఆవు గురించి పది వాక్యాలు రాయమంటే పదకొండు రాశాను, పదకొండోది ఆ ఆవు గాల్లోకి లేచి బడి కప్పు మీద మేత మేసిన సంగతి. మా పంతులుగారు చదివి, నవ్వు ఆపుకుని, నా కుడి చెవి పట్టి మెలిపెట్టి, "ఇక మీద అబద్ధం నోటిదాకా వచ్చినప్పుడల్లా ఈ చెవి గుర్తు తెచ్చుకో" అన్నారు. పంతులుగారి మాట నేను నిలబెట్టాను, సగం. చెవి గుర్తొస్తుంది, అబద్ధమూ వస్తుంది. అరవై అయిదేళ్లొచ్చినా కోత కోసేటప్పుడు నా కుడి చెయ్యి దానంతటదే లేచి చెవి తమ్మె పట్టుకుంటుంది. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంటిల్లిపాదంటే మా ఆవిడ, మా అమ్మాయి. మా ఆవిడ నా కోతలకు నవ్వడం మానేసి ఇరవై ఏళ్లయింది, "మీ నోటికి తాళం వేసే మరమ్మతు ఎవరూ నేర్చుకోలేదేం" అంటుంది. మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వి మార్కులేస్తుంది. మాకు కలగక కలగక నడివయసు దాటాక కలిగిన పిల్ల. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్లో, ఊడదీసిన చక్రాల మధ్య, దారం చుట్టే బాబిన్లు దొర్లించుకుంటూ పెరిగింది, అందుకే బాబిన్ అంటాం, ముద్దొస్తే బాబినమ్మ. ఏడేళ్లప్పుడు మొదలుపెట్టింది ఈ మార్కుల ఆట. నేను ఒక కోత కోయగానే సుద్దముక్క తీసి కొట్టు ఇనప తలుపు మీద రాసేది. ఒక దర్జీ మిషను ఎంత జోరుగా తొక్కాడంటే గుమ్మంలో నిలబడ్డ గిరాకీ నీడను కూడా కలిపి పరదాకు కుట్టేశాడని, ఆ మనిషి మూడు రోజులు నీడ లేకుండా తిరిగి నాలుగో రోజు వచ్చి కుట్లు విప్పించుకున్నాడని చెప్పాను: ఎనిమిది. గాలివానకు మా బడి కప్పు లేచి పక్కూరి బడి మీద కూర్చుందని, ఆ ఊరి పిల్లలకు అప్పటి నుంచి రెండు కప్పుల కింద రెట్టింపు నిద్ర అని చెప్పాను: ఏడున్నర, "కప్పు సంగతి ఆవు కథలోనే వాడేశావు నాన్నా" అని అర మార్కు కోసింది. పదికి పది ఎప్పుడూ వెయ్యలేదు. "పది ఎందుకెయ్యవే పిసినారీ?" అని అడిగితే, "పదంటే నేను నిజంగా నమ్మెయ్యాలి. నీ చెవి ఉండగా నేనెలా నమ్ముతాను?" అంది. 

ఆ పది మార్కులు నాకు వచ్చాయి. తనే వేసింది, వేసినట్టు తనకు తెలియదు.

పక్క బల్లలో ఒక బస్సు డ్రైవరు కూర్చున్నాడు, మనిషి తలుపంత ఉన్నాడు, బల్ల అతన్ని తొడుక్కున్నట్టుంది. కన్నీళ్లు కాగితం మీద పడకుండా మొహం పక్కకు తిప్పి రాస్తున్నాడు. "బాబాయిగారూ, ఏం రాశారేంటి మీరు?" అని అడిగాడు. నా కాగితం తెల్లగా ఉంది. "ఆలోచిస్తున్నాను" అన్నాను. "నేను 'వేళకు తిను' అని నాలుగుసార్లు రాశానండీ. ఇంకేం తోచట్లేదు. నాలుగుసార్లయితే ఎక్కువా?" "తిండి నాలుగు పూటలా తింటాడుగా, సరిపోయింది" అన్నాను. అతను ఏడుస్తూనే నవ్వాడు. ఈ నోరు చూడు, ఇప్పుడు కూడా ఊరుకోదు. పొద్దున ఊరుకుని ఉంటే బాగుండేది. పొద్దున చేర్పుల కౌంటరు దగ్గర, ముక్కు చివర కళ్లజోడు పెట్టుకున్న గుమాస్తా బాబిన్ కాగితాలు చూస్తూ చూస్తూ ఆగాడు. "ఈ పేరు ఎక్కడో రాశానమ్మా నేను. కిందటేడు యంత్రాల జాబితాలో..." అన్నాడు. ఆయన వాక్యం పూర్తిచేసే లోపలే అందుకున్నాను: "మా ఊళ్లో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ ఇదే పేరండీ, సాయంత్రం గుమ్మంలో నిలబడి పిలిస్తే ఇరవై మంది పలుకుతారు, ఏ ఇంట్లో అన్నం తిన్నది ఏ పిల్లో తెల్లారితే గాని తేలదు." చెయ్యి చెవి మీద ఉంది. బాబిన్ చూసింది, పకపకా నవ్వింది, "ఆరు" అంది. గుమాస్తా నవ్వలేదు, పాపం ఆయన వృత్తి అలాంటిది. "రేపు గుర్తింపు కార్డుకి వస్తావుగా, పాత రిజిస్టరు తీసి చూసి ఉంచుతాలే" అన్నాడు. "చూడండి సార్, ఎంతమంది ఉన్నానో లెక్క తేలుతుంది" అంది నా కూతురు. రేపు. రేపు పది గంటలకో పదకొండుకో ఆ గుమాస్తా వేలు ఒక గీత మీద ఆగుతుంది. ఎంపికైంది, ఉత్తరం పంపాం, జవాబు రాలేదు, సీటు వేరేవాళ్లకి ఇచ్చాం, అని ఉంటుంది అక్కడ. ఆ వేలు వెంటే నా పిల్ల కళ్లు నడుస్తాయి. అప్పుడు నేను ఇంట్లో ఏదో మిషనుకు నూనె పోస్తూ ఉంటాను.

అయితే ఇవాళ నాకు పుట్టుకొచ్చిన ఈ నిజం చెప్పే బుద్ధి గుమాస్తాను చూసి పుట్టిందా, నాలోంచి పుట్టిందా? అడిగితే చెప్పలేను. గుమాస్తా లేకపోతే ఈ గంటలో నేనూ "వేళకు తిను" అని నాలుగుసార్లు రాసి పెట్టెలో వేసి పోయేవాణ్ణేమో. పోయేవాణ్ణే. 

కిందటేడు ఆ ఉత్తరం వచ్చిన రోజు ఎండ తగ్గుముఖం పట్టింది, పోస్టుమ్యాన్ కొట్టు ముందు సైకిలు ఆపి బెల్లు రెండుసార్లు కొట్టాడు. బాబిన్ బట్టల కార్ఖానాలో మిషనుకు బెల్టు వెయ్యడానికి వెళ్లింది. పదిహేడేళ్లకే ఆ పని నాకంటే బాగా చేసేది, నేను చెవితో విని మిషను జబ్బు చెబుతాను, అది వేలు ఆనించి చెప్పేసేది. కవరు మీద కాలేజీ ముద్ర ఉంది. చింపాను. నా చదువుకు ఆ అక్షరాలు ఒక్కొక్కటే కదిలి వచ్చాయి: యంత్రాల విభాగానికి ఎంపికైనందుకు సంతోషిస్తున్నాం, పదిహేను రోజుల్లోగా అంగీకారం తెలపాలి, లేనియెడల. నాకు ఎంత సంబరం కలిగిందంటే కొట్లో ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. ఇది నిజం, చెవి పట్టుకోలేదు. ఆ ఉత్తరాన్ని మొదట దాచింది కూడా ఆ సంబరంతోనే. ఉత్తరం వచ్చింది తీసుకో అని ఊరికే ఇచ్చేస్తే నేనెందుకు? దీన్నొక కథ చెయ్యాలి, రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాలి, ఒక పక్షి వచ్చి మన మిషను సొరుగులో గుడ్డు పెట్టిందే, వెళ్లి చూడు అనాలి, అది నవ్వుతూ సొరుగు లాగాలి, అందులో గుడ్డుకు బదులు కాలేజీ ఉండాలి. కొట్టు మూలలో ఒక మిషను ఉంది, పదకొండేళ్ల కిందట ఒక దర్జీ బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రాలేదు, దాన్ని మా ఆవిడ "మీ రెండో సంసారం" అంటుంది. దాని సొరుగు బిగుసుకుపోతుంది, కొంచెం పైకెత్తి ఎడమకు లాగితే గాని రాదు. అందులో పెట్టాను.

సాయంత్రం బాబిన్ వచ్చింది. చేతులకు గ్రీజు. నా ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని, నేను అడగకుండానే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. నా కళ్లకు సూది బెజ్జం కనిపించక అప్పటికి రెండేళ్లు. నేను పక్షి సంగతి ఎత్తుకోబోయి, ఊరికే, నోరు సవరించుకోవడానికి ముందు ఇంకో చిన్న కోత కోశాను, ఏదో, ఇప్పుడు గుర్తు కూడా లేదు. అది తల వెనక్కి వాల్చి నవ్వింది. లేచి తలుపు మీద ఎనిమిదని రాసింది. సుద్ద కీచుమంది. అప్పుడు నాకు తట్టింది, పక్షి కథ చెప్పిన మర్నాటి నుంచి ఈ ముక్కాలి పీట మీద ఎవరూ ఉండరని. సూదికి దారం మా ఆవిడ ఎక్కిస్తుంది, అదేం పెద్ద పని కాదు. నవ్వడం? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఇంకొక్క రోజు. పదిహేను రోజులిచ్చారుగా, అందులో ఒక్కటి నాది కాదా? రెండో రోజూ నాదే అయింది. మూడో రోజు పొద్దున, ఒక మిషను తల రెండు చేతులా ఎత్తి పట్టుకుని బల్ల మీదికి మార్చబోతుంటే, అది వెనక నుంచి వచ్చి, "నాన్నా, నాకేమైనా ఉత్తరం వచ్చిందా?" అంది. "రాలేదమ్మా" అన్నాను. 

అంతే. ఆవు లేదు, గాలి లేదు, నీడ లేదు. నా బతుకులో అంత పొట్టి మాట నేనెప్పుడూ చెప్పలేదు. అది నా చెవి వంక చూసింది. నేను చూశాను అది చూడటం. నా రెండు చేతుల్లోనూ మిషను తల ఉంది, పదిహేను కిలోల ఇనుము, చెయ్యి లేవడానికి వీల్లేదు. సరేనని వెళ్లిపోయింది. 

గడియారం పదకొండూ ఇరవై అయిదు. కాగితం మీద 'బాబినమ్మా' అని రాశాను. ముందు వరసలో ఒకావిడ మూడో కాగితం అడుగుతోంది. ధారాళంగా రాసేవాళ్లను చూస్తే నాకు కడుపుమంట.

అప్పటికీ దారి మూసుకోలేదు. పన్నెండో రోజున ఆ పిల్ల తనే ఒక ఉత్తరం రాసింది కాలేజీకి. అయ్యా, నా పరీక్ష ఫలితం నాకు అందలేదు, దయచేసి తెలపగలరు. నాకు చదివి వినిపించింది, "దయచేసి ముందా, చివరా?" అని అడిగింది. "రెండు చోట్లా పెట్టు, దయ ఎక్కువైతే తప్పేముంది" అన్నాను. స్టాంపు అంటించి, "డబ్బాలో వేసెయ్యి నాన్నా, నేను కార్ఖానాకి వెళ్లాలి" అని నా చేతికిచ్చింది. వీధి చివర పోస్టు డబ్బా దాకా నడిచాను. చీలికలోకి ఉత్తరాన్ని సగం దూర్చాను. ఇంకా మూడు రోజులున్నాయి, ఇది వెళ్లి జవాబు వచ్చే లోపల గడువు దాటినా, వాళ్లు మంచివాళ్లయితే ఒప్పుకుంటారేమో. డబ్బా నోరు తెరుచుకునే ఉంది. వేళ్లు వదల్లేదు. వెనక ఎవరో ముసలావిడ "వేస్తావా బాబూ, నన్ను వెయ్యమంటావా?" అంది. "స్టాంపు సరిపోదేమోనని" అన్నాను, చెవి పట్టుకుని. బయటికి లాక్కుని కొట్టుకొచ్చి అదే సొరుగు, కొంచెం పైకెత్తి ఎడమకు. మొదటిదైతే సంబరం అనుకోవచ్చు, బద్ధకం అనుకోవచ్చు, ముసలితనం అనుకోవచ్చు. రెండో దానికి పేరు వెతకనక్కర్లేదు.

తర్వాత అది పోస్టుమ్యాన్ కోసం ఎదురుచూసింది. మూడు వారాలు సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, చేతిలో ఏముంటే అది పెట్టేసి గుమ్మంలోకి వచ్చేది. తర్వాత రావడం మానేసింది. ఒకరోజు సాయంత్రం గుడ్డతో చేతుల నూనె తుడుచుకుంటూ, వేలు వేలూ విడివిడిగా తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అంది: "నాకు బుర్ర తక్కువేమో నాన్నా. మిషన్లు నువ్వు చూపిస్తే అర్థమయ్యాయి. అసలు తెలివి నాది కాదేమో." నోట్లో మాట సిద్ధంగా ఉంది. సొరుగు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను ఏం చేశానంటే, గొంతు సవరించుకుని, తెలివి ఎక్కువై తల బరువెక్కి పడుకోలేకపోయిన ఒక మిషన్ల మేస్త్రీ కథ మొదలుపెట్టాను. సగంలో ఆపింది. "ఇవాళ మార్కులు లేవు నాన్నా" అంది. మర్నాడూ లేవు. ఆ తర్వాత పది నెలలు ఆ ఇనప తలుపు మీద సుద్ద పడలేదు. చలికాలం మంచుకు పాత అంకెలు కూడా తడిసి జారిపోయాయి. దేనికోసం దొంగతనం చేశానో అదే ఇంట్లోంచి పోయింది. ముక్కాలి పీట మీద మనిషి ఉంది, దారం ఎక్కిస్తోంది, నవ్వు లేదు. మా ఆవిడ అప్పుడే ఒకసారి కొట్టు చిమ్ముతూ, "ఈ మూల మిషన్ని ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ, చోటు కలిసొస్తుంది" అని సొరుగు మీద చెయ్యి వేసింది. నేను ఎంత గట్టిగా అరిచానంటే ఎదురింటి కుక్క మొరిగింది. "ఏమొచ్చిందండీ మీకు?" అంది. "దాని యజమాని వస్తే?" అన్నాను. "పదకొండేళ్లకి వస్తాడా!" అంది. వస్తాడనిపించింది నాకు. పదకొండేళ్లయినా, ఇరవయ్యేళ్లయినా, దేని యజమాని దాని కోసం ఎప్పటికో వచ్చి నిలబడతారనిపించింది.

మళ్లీ రాసింది పరీక్ష. ఏడాదంతా చదివింది, తప్పు ఎక్కడ చేశానో అని, చెయ్యని తప్పు కోసం పుస్తకాలన్నీ వెతికింది. ఈసారి ఉత్తరం వచ్చినప్పుడు నేను చెప్పుల్లేకుండా రెండు వీధులు పరిగెత్తి కార్ఖానాలో దాని చేతికిచ్చాను, ముసలాడు పందెంలో పరిగెత్తాడని ఇప్పటికీ ఆ వీధిలో నవ్వుకుంటారు. విప్పి చదివింది. యంత్రాల విభాగం కాదు. నేల పరీక్షల విభాగం. యంత్రాల్లో సీట్లు కిందటేడాదికి ఈ ఏడాదికి సగమయ్యాయట. కాసేపు చూసి, మడిచి, "మట్టయినా ఫర్లేదు నాన్నా. రెండోసారికైనా రానిచ్చారు" అంది. నా అరికాల్లో గాజుముక్క దిగి ఉంది, అప్పటిదాకా తెలియలేదు. ఆ రోజు తలుపు మీద మళ్లీ సుద్ద పడింది. నేను కోసింది చాలా నాసి కోత. జాలిపడి ఆరు వేసింది.

నిన్న ప్రయాణానికి ముందు సొరుగు తెరిచి రెండు ఉత్తరాలూ తీశాను. చొక్కా లోపలి జేబులో పెట్టి, ఆ మూల మిషను మీదే జేబు మూతి కుట్టేశాను, చిన్న కుట్టు, గట్టి దారం. నది మీద వంతెన వస్తుంది కదా, బస్సు కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. చొక్కా విప్పి మరీ పారేసేవాణ్ణేమో, నా వయసుకు ఎవరూ ఏమనరు. వంతెన వచ్చేసరికి బాబిన్ నిద్రపోయి ఉంది. తల నా ఎడమ భుజం మీంచి జారి గుండె మీదికి వచ్చి సరిగ్గా ఆ జేబు మీద ఆగింది. కాగితాలు దాని చెవి కింద గరగరలాడి ఉంటాయి. నిద్రలోనే మొహం ఒకసారి చిట్లించి మళ్లీ సర్దుకుంది. నేను వంతెన దాటేవరకు కదల్లేదు, దాటాక కూడా. ఇవాళ పొద్దున మూడో అంతస్తు గదిలో మా ఆవిడ మంచం దులిపి, అల్మరా తలుపు సరిగా పడటంలేదని దానితో పోట్లాడుతుంటే, పెట్టె మోసుకొచ్చిన కుర్రది, రెండో ఏడు చదువుతోందట, ఎర్ర రిబ్బను, యంత్రాల వాళ్లది, నవ్వుతూ అడిగింది: "ఏ విభాగం? పచ్చ రిబ్బనా, మట్టివాళ్లా!" "మట్టే" అంది మా అమ్మాయి. ఆ ఎర్ర రిబ్బను వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది. తర్వాత స్క్రూడ్రైవరు నా దగ్గర అడిగి తీసుకుని, అల్మరా బందు రెండు నిమిషాల్లో సరిచేసి మళ్లీ నా చేతికిచ్చింది. "అబ్బ, నువ్వు మా విభాగంలో ఉండాల్సినదానివి" అంది ఆ పిల్ల. ఊరికే అంది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి బయట ఏదో చూశాను.

పదకొండూ నలభై. బాబినమ్మా, అని ఉంది కాగితం మీద. కింద రాశాను: ఈ గదిలో నీకు ముందు ఒక పక్షి ఉండేదట, అది. కొట్టేశాను. రాశాను: నీ బుర్ర నీదే. కొట్టేశాను, మొదలంటూ లేకుండా ఇది ఎలా అర్థమవుతుంది. అప్పుడు స్క్రూడ్రైవరు మొనతో జేబు కుట్టు ఒక్కొక్కటే తెంపాను. బస్సు డ్రైవరు నోరు తెరిచి చూస్తున్నాడు. "గుండె ఊడదీస్తున్నారేంటి బాబాయిగారూ!" అన్నాడు. రెండు ఉత్తరాలూ కవరులో పెట్టాను. నా కాగితం మీద కొట్టివేతల కింద, 'ఇవి రెండూ నేనే దాచాను, మీ అమ్మకు తెలియదు' అని రాసి అదీ పెట్టాను. అంటించాను. లేచి వెళ్లి చీలికలో వేశాను. ఈసారి వేళ్లు వదిలాయి. లోపల పడిన చప్పుడు వినబడింది. అబ్బ, ఎంత తేలికైందనుకున్నారు ఒళ్లు! నా బల్ల దాకా తిరిగి నడుస్తుంటే ఆవులా గాల్లోకి లేస్తానేమో అనిపించింది. 

కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది నేనేం చేశానో. ఏడో రోజు సాయంత్రం. ఎవరి గదుల్లో వాళ్లు మిగిలి, ఇల్లు గుర్తొచ్చే వేళ. అప్పటికి గుమాస్తా వేలు ఎప్పుడో గీత మీద ఆగి ఉంటుంది. ఆగకపోయినా, నా పిల్ల ఒంటరిగా మంచం మీద కూర్చుని నవ్వుకుంటూ కవరు చింపుతుంది, నాన్న ఏం కోశాడో చూద్దామని, మార్కులెయ్యడానికి సుద్దముక్క ఎక్కడుందని. ఎదురుగా తిట్టడానికి నేను ఉండను. నేను దూరంగా ఉంటాను, క్షేమంగా. ఇది చెప్పడం కాదు. ఇది ఇంకో సొరుగు.

పదకొండూ యాభై రెండు. నీలం బ్యాడ్జీ మేడం దగ్గరికెళ్లి, "అమ్మా, నా కవరు నాకు తిరిగి కావాలి" అన్నాను. "వేశాక తీయకూడదు తాతగారూ, తాళం చెవి ఆఫీసులో ఉంది. మనవరాలికి వారంలో అందుతుందిగా, కంగారెందుకు?" "నేను తాతని కాదమ్మా, నాన్నని" అన్నాను. పెట్టె మూత బందు మూడు మరమేకుల మీద ఉంది, సూది బిగించే మరమేకు కన్నా కాస్త పెద్దవి. స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. "అయ్యయ్యో, ఏంటండీ ఇది!" అంటోంది ఆవిడ. ఎవరో నవ్వారు, ఎవరో లేచారు. బస్సు డ్రైవరు తలుపంత ఒళ్లు మధ్యకు తెచ్చి అడ్డంగా నిలబడి, "ఆయనేదో మర్చిపోయారట మేడం, పెద్దాయన, పోనివ్వండి" అన్నాడు. మూడో మరమేకు బెట్టు చేసింది. వచ్చింది. కవర్ల గుట్టలో నాది తేలిగ్గానే దొరికింది, అన్నిటికన్నా లావుగా ఉంది. మరమేకులు మూడూ మళ్లీ బిగించాను, పని సగంలో వదిలే అలవాటు లేదు.

బయట మెట్ల మీద మా ఆవిడ ఖాళీ సంచులు మడత పెడుతోంది. పక్కన బాబిన్, మెడలో పచ్చ రిబ్బను. "ఇంతసేపు ఏం రాశారండీ, వీలునామానా?" అంది మా ఆవిడ. నేను కవరు అమ్మాయి ముందుకు చాచాను. "ఏడో రోజు కదా నాన్నా ఇవ్వాలి? దొంగతనంగా ముందే ఇస్తున్నావా?" అని నవ్వింది. "ముందు కాదమ్మా. ఏడాది ఆలస్యంగా ఇస్తున్నాను" అన్నాను. 

చింపింది. మొదట కాలేజీ ముద్ర ఉన్నది వచ్చింది. కళ్లు వరసల మీద పరిగెత్తాయి, తేదీ దగ్గరికి వెనక్కి వచ్చాయి. "అబ్బో" అంది. "ముద్ర కూడా వేయించావే! ఎవరు కొట్టిపెట్టారు నీకు ఇది? యంత్రాల విభాగమట! తొమ్మిది నాన్నా. నిజంగా, తొమ్మిది." నవ్వుతూనే రెండోది తీసింది. దాని మీద తన చేతిరాత ఉంది. స్టాంపు ఉంది, స్టాంపు మీద పోస్టాఫీసు నల్లముద్ర లేదు. బొటనవేలితో ఆ స్టాంపును ఒకసారి రాసి చూసింది, మిషను జబ్బు చూసినట్టు, వేలు ఆనించి. నవ్వు మొహం మీదే ఉంది గాని, అందులో మనిషి లేదు. నా కాగితం ఇంకా కవరులోనే ఉంది. దాన్ని తియ్యలేదు. మా ఆవిడ సంచులు మడవడం ఆపేసింది.

"నాన్నా" అంది. నా చెవి వంక చూస్తోంది. "చెవి పట్టుకో నాన్నా."

ఈసారి నా చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.